ఇద్దరు రాందాసులు

(పాత నల్లగొండ జిల్లాలోని ఒక వాడలో, డిసెంబరు 6 వర్ధంతి రాత్రి యువజన సంఘం వాళ్లు పెట్టిన సభలో చేసిన ప్రసంగం. మాట్లాడినట్టే ఉంచి, అక్కడక్కడ మాత్రం సవరించాం.)



నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు బాబాసాహెబ్ గురించి చెప్పిన్రు, భూమి గురించి చెప్పిన్రు, ఉద్యోగాల గురించి చెప్పిన్రు. నేను కతల పుస్తకాల గురించి మాట్లాడుతా. పొద్దంతా పత్తి ఏరి వచ్చిన ఆడవాళ్ల ముందు, రాత్రి తొమ్మిది గంటలకు, ఇంగ్లీషోళ్ల కతలేందని మీకు అనిపించొచ్చు. కొంచెం ఓపిక పట్టండి. ఆ కతల్లో మనం ఉన్నం. ఎక్కడున్నమో చూపిస్తా.

మొన్న దసరా సెలవులకు మా తమ్ముని బిడ్డ గురుకులం నుంచి ఇంటికొచ్చింది. తొమ్మిదో తరగతి. బడి లైబ్రరీ నుంచి ఒక సన్న ఇంగ్లీషు పుస్తకం తెచ్చుకుంది, పిల్లల కోసం కుదించి అచ్చేసింది. రెండు రోజులు గడప మీద కూర్చుని చదివింది. మూడో రోజు నన్ను అడిగింది: "పెదనాయినా, సారా మల్ల ఉన్నోళ్ల పిల్ల అయింది గదా. మరి బెకీ ఎందుకు పనిమనిషిగనే ఉన్నది?" నాకు జవాబు దొరకలేదు. పెద్ద పుస్తకం తెప్పించుకుని చదివిన. దాని వెంట ఇంకోటి చదివిన. ఈ రాత్రి నేను చెప్పేదంతా ఆ పిల్ల అడిగిన ప్రశ్న వెంట నడిచిందే.

ఆ పుస్తకం పేరు 'ఎ లిటిల్ ప్రిన్సెస్'. చిన్న రాకుమారి అని అర్థం. 1905లో వచ్చింది. రాసినామె ఫ్రాన్సిస్ హాడ్సన్ బర్నెట్, మాంచెస్టర్‌లో పుట్టి అమెరికాకు పోయిన మనిషి. కత ఏందంటే, సారా అనే పిల్ల ఉంటది. తల్లి లేదు. తండ్రి హిందూస్తాన్‌ల ఇంగ్లీషు పటాలంలో కెప్టెన్. బిడ్డను లండన్‌ల ఒక హాస్టల్ బడిలో చేర్పిస్తడు. ఆ పిల్లకు సొంత గది, సొంత పనిమనిషి, పట్టు గౌన్లు. ఆ తండ్రి స్నేహితుని మాట నమ్మి పైసలన్నీ వజ్రాల గనుల్లో పెడతడు. గనులు మునిగినయని కబురొస్తది, ఆయన జ్వరంతో చనిపోతడు. పదకొండో పుట్టినరోజు పండుగ నడుస్తుండగానే పిల్లకు ఆ వార్త చెప్తరు. బడి నడిపే మేడం అప్పటికప్పుడు గౌను విప్పించి, కప్పు కింద అటక గదిలకు తోలుతది. ఇగ ఆ పిల్ల పనిపిల్ల. ఎలుకలున్న గది, సగం కడుపు తిండి, చలిల బజారు పనులు.

ఆ అటకల పక్క గదిలనే బెకీ ఉంటది. అంట్లు తోమేది, పొయ్యిలల్ల బొగ్గు నింపేది ఆ పిల్ల. పద్నాలుగేండ్ల పిల్ల, ఎదుగుదల లేక పన్నెండేండ్ల పిల్లలెక్క కనిపిస్తదని రాసింది ఆమె. ఆ మాట నిజమైన మాట. మన దగ్గర మిరప చేన్లల్ల, ఇటుక బట్టీలల్ల అట్లాంటి పిల్లలను మనం చూసినం. వయసు అడిగితే రెండేండ్లు తక్కువ చెప్పినా నమ్మొచ్చు.

ఇప్పుడు చూడండి. సారా అటకకు పోయింది, చదివేవాళ్లందరికీ కన్నీళ్లు. బెకీ మొదటినుంచి అటకలనే ఉన్నది, ఆమె కోసం ఎవరూ ఏడవరు. సారా కష్టం కష్టమెట్లయింది? ఆమె కిందికి పడ్డది కాబట్టి. బెకీ పడలేదు, అక్కడనే పుట్టింది. పడ్డోళ్ల దుఃఖమే కతకు పనికొస్తది, ఎప్పుడూ కిందున్నోళ్ల దుఃఖం గోడకు సున్నం లెక్క, ఉంటది గాని ఎవరూ చూడరు.

మొదటి రాందాసు ఈ పుస్తకంలనే ఉన్నడు. పక్కింట్ల హిందూస్తాన్ నుంచి వచ్చిన ఒక జబ్బు దొర దిగుతడు. ఆయన వెంట ఒక నౌకరు, పేరు రాందాసు. ఓడల మీద పనిచేసే హిందూస్తానీ మనుషులను లస్కర్లు అనేవాళ్లు, ఈయనను కూడా లస్కరనే రాసిన్రు. ఒక కోతిని పెంచుకుంటడు. కోతి తప్పించుకుని సారా గదిల దూరితే, దాని వెంట కప్పుల మీదుగా వస్తడు. సారా ఆయనతో హిందూస్తానీల మాట్లాడుతది. ఆయన సంబురంతో వంగి సలాం చేస్తడు. ఆయన పోయినంక సారా తలుచుకుంటది, ఒకప్పుడు నా చుట్టూ ఉన్నోళ్లందరూ నాకు ఇట్లనే సలాం చేసేవాళ్లు గదా, ఇప్పుడు వంటామె కూడా నన్ను తిడుతుంది గదా అని.

అంటే ఆ పిల్లకు పోయింది ఏందయ్యా? తండ్రి పోయిండు, సరే, ఆ దుఃఖం నిజమే. దాంతో పాటు సలాంలు పోయినయి. సలాంలు ఆగిపోయినందుకు మనం కండ్లల్ల నీళ్లు పెట్టుకోవాలె. సలాం చేసిచేసి నడుం వంగిన మనిషికి పిల్లలున్నరా, వాళ్లేం తింటున్నరు, ఆ సలాం ఆయన ఇష్టపడి చేస్తుండా, ఇదేదీ కతల లేదు. రాందాసుకు ఊరు లేదు, ఇల్లు లేదు, పెండ్లాం పిల్లలు లేరు. ఒక కోతి ఉన్నది. ఆయన రాత్రిపూట కప్పుల మీద నడిచి ఆ పిల్ల గదిలకు తిండి, దుప్పట్లు, పొయ్యిల మంట అన్నీ మోస్తడు. పొద్దున లేచి ఆ పిల్ల దాన్ని మాయ అనుకుంటది. మనిషి చేసిన పని మాయ అయిపోయింది.

చివరకు తెలిసేదేందంటే, పక్కింటి జబ్బు దొరనే ఆ తండ్రి స్నేహితుడు. వజ్రాల గనులు మునగలేదు. సారాకు ఆస్తి మొత్తం దొరుకుతది. బెకీని వెంట తీసుకుపోతది. దేనికి? తన పనిమనిషిగ. బెకీ సంతోషపడ్డదని రాసి ముగించిన్రు. మా పిల్ల అడిగిన ప్రశ్న ఇక్కడిది.

వజ్రాలు అనేసరికి నాకు మన కృష్ణ గుర్తొచ్చింది. ఆ పుస్తకంల గని ఏ ఊర్ల ఉన్నదో చెప్పలేదు. హిందూస్తాన్ వజ్రాలంటే మాత్రం లోకానికి గోల్కొండ పేరే తెలుసు. గోల్కొండ బజారు. గని వేరే చోట. కృష్ణకు అవతలి ఒడ్డున, గుంటూరు వైపు, కొల్లూరు అనే ఊరు ఉండేది. ఇవతలి ఒడ్డు మన పాత నల్లగొండ జిల్లా. ఇప్పుడు కొల్లూరు పులిచింతల రిజర్వాయరు నీళ్లల్ల మునిగింది. 1600ల్లో తావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి ఆ గనికి వచ్చి చూసి రాసిండు. సుమారు 60,000 మంది అక్కడ పనిచేస్తున్నరట. మగవాళ్లు తవ్వుతున్నరు, ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోస్తున్నరు. పిల్లలు అని స్పష్టంగా రాసిండు. ఆ 60,000 మందిలో ఒక్క పిల్ల పేరు మనకు తెల్వదు. 1905 నాటికి ఆ గనులు ఎప్పుడో ఒట్టిపోయినయి, వజ్రాలు దక్షిణాఫ్రికా నుంచి పోతున్నయి. అయినా లండన్‌ల ఒక పిల్ల బాల్యం తిరిగి రావాలంటే హిందూస్తాన్ గనే కావలసి వచ్చింది. ఒక పిల్ల చేతికి బొమ్మ రావాలంటే ఎక్కడో ఇంకో పిల్ల తలమీద తట్ట ఉండాలె. ఆ రెండో పిల్లను పుస్తకం లోపలికి రానియ్యలేదు.

అదే ఆమె 1911లో ఇంకో పుస్తకం రాసింది, 'ది సీక్రెట్ గార్డెన్' అని. రహస్య తోట. ఇది ఇంకా బాగుంటది, నేను అబద్ధం చెప్పను, రాత్రి రెండు గంటల దాకా చదివిన. అది మన దేశంలనే మొదలైతది. మేరీ అని ఒక తెల్లపిల్ల. తల్లికి విందులే తప్ప బిడ్డ పట్టదు. పెంచేది ఆయా. బట్టలు తొడిగేది, చెప్పులు తొడిగేది, అలిగితే బుజ్జగించేది ఆయా. కోపమొస్తే ఆ పిల్ల ఆయాను చెంప మీద కొడుతది. కలరా వస్తది, ఆయా సచ్చిపోతది, ఆ పిల్ల తల్లిదండ్రులు కూడా పోతరు. మేరీని ఇంగ్లండ్‌ల మేనత్త మొగుని బంగళాకు పంపుతరు. ఆయా పేరు ఏందో మనకు తెల్వదు. ఆమె పేరు ఆయానే.

ఈ వాడల ఉన్న ముసలమ్మలకు నేను ఇది విడమర్చి చెప్పాల్సిన పని లేదు. దొర పిల్లలను ఎత్తుకుని పెంచిన చేతులు ఇక్కడ ఎన్ని లేవు? మన పిల్లలు ఆ టైముల ఎక్కడుండేది? చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో, ఆరేండ్ల అక్క చేతి కింద. మన గడీలల్లనైతే ఇంకో పద్ధతి ఉండె. దొరసాని పెండ్లయి వస్తుంటే కట్నంతో పాటు ఆడపిల్లలను తోలిచ్చేది. ఆడబాపలు అనేది వాళ్లను. ఆ పిల్లకు పెండ్లి లేదు. ఆమెకు పుట్టిన బిడ్డకు తండ్రి పేరు లేదు. దాశరథి రంగాచార్య 'చిల్లరదేవుళ్లు' అనే నవలల ఈ సంగతి రాసిండు, 1969లో. అప్పటికి గడీలు కూలి ఇరవై ఏండ్లు.

రహస్య తోటకు వద్దాం. అక్కడ మార్తా అనే పనిపిల్ల ఉంటది. ఆమె ఇంట్ల పన్నెండు మంది పిల్లలు, తండ్రికి వారానికి పదహారు షిల్లింగులు. ఈ లెక్క రాసినందుకు ఆమెను మెచ్చుకోవాలె, కతలల్ల కూలి లెక్క రాసేవాళ్లు తక్కువ. మార్తా తమ్ముడు డికన్, పన్నెండేండ్లోడు, పసులతో పక్షులతో మాట్లాడే పిల్లగాడు. మేరీకి, మంచం పట్టిన బంగళా వారసుడు కాలిన్‌కు తోట పని నేర్పుతడు, బతుకు మీద ఆశ పుట్టిస్తడు. ఆ ఇద్దరు పిల్లలు తమకు బాగైతుందని పెద్దోళ్లకు తెల్వకుండా ఉండాలని బంగళాల సరిగ తినరు. అప్పుడు వాళ్లకు పాలు, రొట్టెలు ఎవరు పంపుతరు? ఆ పన్నెండు మంది పిల్లల తల్లి. పదహారు షిల్లింగుల ఇంటి నుంచి వంద గదుల బంగళాకు తిండి పోతది! తర్వాత వాళ్లకే తట్టి కొంత డబ్బు పంపుతరనుకోండి. చివర్న కాలిన్ తన తండ్రితో పాటు బంగళా వైపు నడుచుకుంట వస్తడు, నౌకర్లందరూ చూసి నోరెళ్లబెడతరు. తండ్రీకొడుకులు కలిసిన్రు, ఆస్తికి వారసుడు బతికిండు. డికన్ ఆ నడకలో లేడు. పని అయిపోయింది, వాణ్ణి పంపేసిన్రు.

ఇది ఒక్క రచయిత్రి తప్పు కాదు. అప్పటి వాళ్ల దేశం కూడా అట్లనే ఉండె. 1899లో బడి మానే వయసు పన్నెండు చేసిన్రు. కాని లాంకషైర్ బట్టల మిల్లులల్ల పన్నెండేండ్ల పిల్లలు సగం పూట మిల్లుకు, సగం పూట బడికి పోయేది. సగంపూటోళ్లు అనేది వాళ్లను. మిల్లుల నిలబడి వచ్చి బడి బల్ల మీద నిద్రపోయేది. 1918 చట్టంతో ఆ సగం పూట పద్ధతి తీసేసి బడి వయసు పద్నాలుగు చేసిన్రు. ఎవరో జాలిపడి చేయలేదు, కార్మిక సంఘాలు, టీచర్లు ఏండ్ల తరబడి కొట్లాడిన్రు, ఆ మిల్లోళ్లలోనే కొందరు తల్లిదండ్రులు వద్దని కూడా అన్నరు, పిల్ల తెచ్చే కూలి పోతదని. ఇది కూడా మనకు తెలిసిన సంగతే.

మన దేశం కత వినండి. రహస్య తోట వచ్చిన ఆ 1911లోనే గోఖలే ఇంపీరియల్ శాసనసభల నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు పెట్టిండు. 1912లో ఓడగొట్టిన్రు. కావాలన్నోళ్లు 13 మంది, వద్దన్నోళ్లు 38 మంది. సర్కారు వద్దన్నది, పెద్ద జమీందార్లు వద్దన్నరు. పిల్లలు బడికి పోతే పసులకాడికి ఎవరు పోవాలె? నైజాం రాజ్యంల మనకు ఆ బిల్లు కూడా లేదు. మనకు ఉన్నది భగేలా. అప్పు తీసుకున్నందుకు దొర ఇంట్ల కట్టుబడి చేసుడు, తండ్రి సస్తే కొడుకు చేసుడు. 1936లో నిజాం సర్కారు భగేలా ఒప్పందాల మీద ఒక చట్టం తెచ్చింది. కాగితం మీద తెచ్చింది.

అదే ఇంగ్లండ్‌ల పనిచేసే మనిషి రాసిన పుస్తకం కూడా ఒకటుంది, దాని సంగతి చెప్పకపోతే అన్యాయం. రాబర్ట్ ట్రెసెల్ అని పేరు పెట్టుకున్న ఒక ఇంటి రంగుల మేస్త్రి రాసిండు. పనోళ్ల మీద పెద్ద నవల. అచ్చు కాకముందే 1911లో క్షయతో పోయిండు. ఆయన బిడ్డ ఆ కాగితాల కట్ట దాచిపెడితే 1914లో, అది కూడా కత్తిరించి, అచ్చేసిన్రు. అందుల బర్ట్ వైట్ అని ఒక పిల్లగాడున్నడు. తండ్రి లేడు. పని నేర్పుతరని తల్లి ఐదు పౌండ్లు కట్టి చేర్పిస్తది. మొదటి ఏడాది జీతం లేదు. రంగు డబ్బాల బండి తోసుకుంట ఊరంత తిరుగుతడు. ఈ పిల్లగాడు పసులతో మాట్లాడడు, ఎవరికీ మాయలు చేయడు. వానికి చలి పెడతది. వాని కోసం ఇంటికాడ తల్లి ఎదురుచూస్తది. బర్నెట్‌కు పిల్లల మనసు తెల్వదని కాదు, ఎంతో తెలుసు. కాని బండి తోసినోడు రాస్తేనే బండి తోసే పిల్లగానికి ఒక తల్లి వచ్చింది.

ఇగ రెండో రాందాసు. ఈయన మనోడు. 1922లో అచ్చయిన 'మాలపల్లి' నవలల పెద్దమనిషి. రాసింది ఉన్నవ లక్ష్మీనారాయణ, గుంటూరు జిల్లా వకీలు, గాంధీ మనిషి. జైల్ల కూర్చుని రాసిండు. మద్రాసు సర్కారు ఆ పుస్తకాన్ని నిషేధించింది. ఒక మాల ఇంటి కత చూసి సర్కారు భయపడ్డదంటే ఆ ఇంట్ల ఏదో ఉన్నట్టే గదా.

ఏమున్నది? లండన్ రాందాసుకు లేనిదంతా ఉన్నది. ఊరుంది, మంగళాపురం. భార్య ఉంది, మహాలక్ష్మి. కొడుకులు వెంకటదాసు, సంగదాసు. బిడ్డ జ్యోతి. ఇంట్ల పొయ్యి వెలుగుతది, పాటలు పాడుకుంటరు, కొడుకుల మీద తండ్రి కోప్పడతడు, అన్నదమ్ములు వాదించుకుంటరు. ఇది చిన్న సంగతి అనుకోకండి. అంతకు ముందు తెలుగు కతలల్ల మాలాయన వస్తే దూరంగ నిలబడి ఏదో ఒక మాట చెప్పి పోయేవాడు. ఇంట్ల కూర్చుని అన్నం తినే మాలాయనను, పిల్లలను చూసుకునే మాలామెను ఇంత వివరంగా చూపించిన పెద్ద నవల ఇదే. వాళ్లకు ఒక కుటుంబం ఉందని ఒప్పుకున్న పుస్తకం.

ఆ ఇంటి పిల్లల గతి చూడండి. సంగదాసు చౌదరయ్య ఇంట్ల పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడు, సంగదాసు స్నేహితులు. ఒక ఇంట్ల ఇద్దరు పిల్లలు, ఒకడు వారసుడు, ఒకడు పాలేరు. ఇక్కడ కూడా సారా, బెకీ ఉన్నట్టే. కాని ఉన్నవ కతను కప్పిపుచ్చలేదు. కూలి రేట్ల తగాదాల చౌదరయ్య కొట్టిన దెబ్బకు సంగదాసు సస్తడు. సచ్చినంక వాని పేర సంగపీఠం అని పెడతరు. అన్న వెంకటదాసు అడవి పట్టి, తక్కెళ్ల జగ్గడని పేరు పెట్టుకుని, ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచుతడు, జైల్ల పోతడు. జ్యోతి కూడా దక్కదు. ఆ ఇంటి పిల్లలను ఎత్తుకుపోయింది కత. మాల పిల్లకు ఇల్లు ఇచ్చినోడు ఆయుష్షు ఇవ్వలేకపోయిండు. ఊరు ఇవ్వనిది ఆయన మాత్రం ఎట్లిస్తడు అని కూడా అనుకోవచ్చు.

ఒక తగాదా మాత్రం నాకు ఆయనతో ఉన్నది. రామదాసును సాధువును చేసిండు. మాంసం ముట్టడు, తత్త్వం చెప్తడు, కొట్టినోణ్ణి క్షమిస్తడు. మాలాయన మనిషని ఒప్పుకోవాలంటే వైష్ణవుణ్ణి చేయాల్సి వచ్చింది. పెద్దకూర తినే ఇంట్ల, తండ్రి కల్లు తాగి వచ్చి పాట పాడే ఇంట్ల, తల్లి పేడ చేతులతో బిడ్డను ముద్దాడే ఇంట్ల కూడా పిల్లలు పిల్లలేనయ్యా. వాళ్లను ప్రేమించడానికి ముందు స్నానం చేయించాల్సిన పనిలేదు.

అది కోస్తా ఊరు కత. మన దిక్కున ఏమైంది? హైదరాబాదుల భాగ్యరెడ్డి వర్మ ఉన్నడు. 1888లో పుట్టిండు, అసలు పేరు మాదరి భాగయ్య. 1910లోనే మన పిల్లలకు బడి తెరిచిండు, తర్వాత ఎన్నో నడిపిండు. 1931లో 'భాగ్యనగర్' అని పత్రిక పెట్టిండు. అందుల 'వెట్టి మాదిగ' అని కత రాసిండు. ఇంత పనుల మధ్య కత ఎందుకు రాసిండు ఆయన? సభల మాట్లాడితే సభకు వచ్చినోడే వింటడు. కత ఇంటికి పోతది. నల్లగొండ జిల్లాలనే పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి చిన్నప్పుడు ఒకరి ఇంట్ల వంట చేసిండు, హోటల్ల పనిచేసిండు, అట్ల చదువుకుని 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిండు, పెద్దయినంక 'ప్రజల మనిషి' రాసిండు. కాని మన వాడ పిల్ల పొద్దున లేచింది మొదలు రాత్రి పండుకునే దాకా ఏం చేసిందో, ఆ కాలంల మన వాడ నుంచి రాసినోళ్లు లేరు. రాయడానికి చేతులున్నయి, అవి పసులకాడ ఉండె.

నా సంగతి రెండు మాటల్ల చెప్తా. నేను తొమ్మిదేండ్లప్పుడు ఒక పటేలు ఇంట్ల జీతం ఉన్న. ఊరు పేరు, మనిషి పేరు వద్దు, వాళ్ల మనవలు నాకు ఇప్పుడు నమస్తే పెడతరు. ఏడాదికి ఇన్ని జొన్నలు, రెండు జతల బట్టలు, ఒక గొంగడి. అది 1977. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లనే వచ్చింది. చట్టం వచ్చిన సంగతి ఎడ్లకు తెల్వదు, నాకూ తెల్వదు. పొద్దుగాల పేడ తీసి, నీళ్లు తోడి, పటేలు కొడుకు బడికి పోతుంటే వాని సంచి నేను మోసేది. ఇద్దరం ఒక ఈడోళ్లం. బడి గేటు కాడ సంచి తీసుకుని వాడు లోపలికి పోయేది, నేను అటునుంచి అటే పసులను తోలుకపోయేది. వాడు నన్ను "ఒరేయ్" అనేది. మా తాతను కూడా "ఒరేయ్" అనేది. నేను వాణ్ణి "చిన్న పటేలా" అనేది. వాడు చెడ్డోడు కాదు. ఒకసారి సంచి నుంచి బొమ్మల పుస్తకం తీసి నాకు చూపించిండు, దూరం నుంచి. ఇంగ్లీషు కతలల్ల మంచి పిల్లలు చేసేది కూడా అంతే గదా, చూపిస్తరు.

ఆ సంచిల ఏమున్నదో చూడాలన్న పట్టుదలతోనే నేను రాత్రి బడికి పోయిన, తర్వాత హాస్టల్‌కు పోయిన. హాస్టల్ల పప్పుల పురుగులు, అది వేరే కత.

ఇదంతా పాత ముచ్చట అనుకునేరు. గద్వాల దిక్కు విత్తన పత్తి చేన్లల్ల క్రాసింగు పని ఎవరు చేసిన్రు? మొగ్గ గిల్లి, పుప్పొడి అద్దే పనికి ఆడపిల్లల సన్న వేళ్లే కావాలన్నరు, వంగే ఎత్తు సరిపోతదన్నరు, కూలి తక్కువన్నరు. 1990ల నుంచి దాని మీద రిపోర్టులు మీద రిపోర్టులు వచ్చినయి. 2009ల విద్యాహక్కు చట్టం వచ్చింది. 2016ల బాలకార్మిక చట్టం మార్చిన్రు. పద్నాలుగేండ్ల లోపు పిల్లలు పని చేయొద్దన్నరు, కాని బడి అయిపోయినంక సొంత కుటుంబం పనిల సాయం చేయొచ్చని సందు పెట్టిన్రు. కుటుంబం అన్న మాట ఎంత చల్లగ ఉన్నదో చూడండి. ఉన్నోళ్ల కుటుంబం అంటే పిల్లకు నీడ. మన కుటుంబం అంటే పిల్ల కూడా ఒక జత చేతులు. తల్లిదండ్రులకు ప్రేమ లేక కాదు. పాలమూరు నుంచి గుంపు కట్టి మట్టిపనికి పోయే తల్లి, చంటిదాన్ని ఎత్తుకుపోయి, బడి ఈడు పిల్లను ముసలమ్మ కాడ విడిచిపోతుంటే బస్సు కిటికీల నుంచి ఎట్ల చూస్తదో మీలో ఎందరికో తెలుసు. ఆ చూపు ఏ నవలల రాలేదు.

మా తమ్ముని బిడ్డ దగ్గర ఆపుతా. నేను ప్రశ్నకు జవాబు వెతుకుతుంటే, ఆ పిల్ల ఊకోలేదు. ఆ కతను తెలుగుల మా అమ్మకు చెప్పింది. మా అమ్మ పోలీసు చర్య నాటికి పాలు తాగే పిల్లనట, అంతకుమించి వయసు తెల్వదు. వత్తులు చేసుకుంట మొత్తం విన్నది. సారాకు ఆస్తి దొరికిందంటే ఏమీ అనలేదు. చివరకు ఒక్క మాట అడిగింది: "ఆ బెకీ పిల్లకు తల్లి లేదా బిడ్డా? ఏ ఊరోళ్లట?"

పిల్ల పుస్తకం మళ్లీ తిరగేసింది. నేను పెద్ద పుస్తకం తిరగేసిన. మాకు దొరకలేదు.

ఆ రాత్రి ఆ పిల్ల నోట్‌బుక్ తీసుకుని నాయినమ్మ పక్కన కూర్చుంది. "నువ్వు నా అంత ఉన్నప్పుడు ఏం చేస్తుంటివి?" అని అడిగింది. మా అమ్మ నాకు ఎన్నడూ చెప్పని సంగతులు దానికి చెప్పింది. నాగార్జునసాగర్ కడుతుంటే, పది పదకొండేండ్ల పిల్లగ, అమ్మానాయినలతో పోయి అక్కడ మట్టి మోసిందట. తవ్వినోళ్లు మగోళ్లు, మోసినోళ్లు ఆడోళ్లు, పిల్లలు. నేను తావెర్నియే రాసింది చదివి అప్పటికి నాలుగు రోజులే అయింది, నా ఒళ్లు జల్లుమన్నది. అదే కృష్ణ. తన తల చిన్నది కాబట్టి పెద్దోళ్ల సుట్టబట్ట నిలవకపోయేదట. మా అమ్మమ్మ పాత చీర చింపి, చిన్న తలకు సరిపోయేటట్టు చిన్న సుట్టబట్ట చేసిచ్చిందట. దానికి ఎర్ర అంచు ఉండెనట.

ఆ పిల్ల అదంతా రాసింది. నాలుగు పేజీలు అయింది. మొదటి పేజీ మీకు చదివి వినిపిస్తది. దా బిడ్డా. సంఘం తమ్ముళ్లూ, ఆ మైకు కొంచెం కిందికి దించండి, పిల్ల పొట్టిది.